పెద్దల ఊరు

పాఠ్యాంశ పరిచయం

ఆయుర్దాయం పెరిగిన ఈ కాలంలో ఉద్యోగ విరమణ తరువాత మనిషికి మిగిలే జీవితం చిన్నది కాదు. ఆ జీవితాన్ని ఎక్కడ, ఎవరితో, ఏ పనితో గడపాలి అన్నది ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే ప్రశ్న. పదవీ విరమణ పొందినవారి కోసమే ప్రత్యేకంగా నిర్మించిన ఊళ్లు అమెరికాలో ఏ విధంగా ఏర్పడినవి, అక్కడి సామూహిక జీవనం ఎట్లా సాగుతున్నది, అందులోని వెలుగునీడలు ఏవి, తెలుగువారు వాటినుండి గ్రహించదగినది ఏమి అనే అంశాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

మానవ జీవితాన్ని నాలుగు ఆశ్రమాలుగా విభజించిన భారతీయ సంప్రదాయం మూడవదైన వానప్రస్థానికి ఒక విశిష్ట స్థానాన్ని కల్పించింది. విద్యాభ్యాసం, కుటుంబ పోషణ ముగిసిన పిమ్మట సంసార భారాన్ని తరువాతి తరానికి అప్పగించి మనిషి వనానికి వెళ్లాలని ధర్మశాస్త్రాలు నిర్దేశించాయి. మహాభారతంలోని ఆశ్రమవాస పర్వం ఈ ఘట్టాన్నే వర్ణిస్తుంది. యుద్ధం ముగిసిన పదిహేనేళ్ల తరువాత ధృతరాష్ట్రుడు గాంధారీ కుంతులతో, విదుర సంజయులతో హస్తినాపురాన్ని వీడి అడవికి చేరాడు. అయితే వారు అక్కడ ఏకాకులుగా లేరు. శతయూపుడనే రాజర్షి ఆశ్రమంలో, మునుల సాంగత్యంలో కాలం గడిపారు. పాండవులు పరివార సమేతంగా వెళ్లి వారిని చూచి వచ్చారు. రాజ్యాన్ని త్యజించిన వృద్ధులకు సైతం తోటివారి సాహచర్యం, పిల్లల రాకపోకలు అవసరమైనాయన్నది ఈ కథలో గమనింపదగిన విషయం.

తెలుగు పల్లెలలో పెద్దలు అడవికి పోలేదు, రచ్చబండకు పోయారు. వేపచెట్టు నీడన కూర్చుండి ఊరి తగవులు తీర్చేవారు. నులక పేనుతూ, మంచాలు అల్లుతూ, పశువుల మెడతాళ్లు పురి పెడుతూ పిల్లలకు కథలు చెప్పేవారు. ఏ చేనుకు ఏ విత్తనం తగునో, ఏ వానకు ఏ పైరు నిలుచునో వారినడిగి తెలుసుకొనవలసినదే. ఇంట అవ్వలు ఊరగాయల పాళ్లు చెప్పేవారు. బాలింతలకు పథ్యం చూచేవారు. పసిపాపలకు నలుగు పెట్టి స్నానం చేయించేవారు. వయసు మళ్లినా వారి పని మళ్లలేదు. "పెద్దల మాట చద్దిమూట" అన్న సామెత పుట్టినది అటువంటి లోకంలోనే. చద్దిమూట ఆకలివేళ విప్పి తినేది. పెద్దల మాట కూడా అట్లే అవసరానికి ఆదుకొనేదని దాని భావం.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ అల్లిక సడలింది. వైద్యశాస్త్రం అభివృద్ధి చెంది ఆయుర్దాయం పెరిగింది. పరిశ్రమలు, కార్యాలయాలు విస్తరించి, నిర్ణీతమైన వయస్సు రాగానే ఉద్యోగి పని మానివేయవలసిన పద్ధతి వచ్చింది. రైతుకు, కుమ్మరికి, నేతగానికి ఒకనాటితో పని నిలిచిపోవడమన్నది లేదు. శక్తి తగ్గిన కొలదీ పని తగ్గుతుంది. ఉద్యోగి విషయం వేరు. నిన్నటి వరకు పదిమంది తన సంతకం కోసం ఎదురుచూచిన వ్యక్తికి నేడు ఉదయం నిద్రలేచి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి పిల్లలు దూర ప్రాంతాలకు వెళ్లిన కొలదీ ఈ శూన్యం మరింత పెరిగింది.

అమెరికాలో ఈ సమస్య ముందుగా తలయెత్తింది. అక్కడ 1935లో సామాజిక భద్రతా చట్టం వచ్చింది. వయస్సు మళ్లిన శ్రామికులకు పింఛను లభించే ఏర్పాటు జరిగింది. అంతవరకు వృద్ధాప్యమంటే దారిద్ర్యమని భయపడిన సామాన్యులకు కొంత ఆర్థిక భద్రత చేకూరింది. కాని తీరిక అనే కొత్త సమస్యకు మాత్రం చట్టంలో పరిష్కారం లేదు. పని మానిన తరువాత మిగిలిన పదిహేను, ఇరవై సంవత్సరాలను ఏమి చేయాలన్నది ఎవరికి వారే తేల్చుకొనవలసి వచ్చింది.

ఈ ప్రశ్నకు ఒక సమాధానం అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగర సమీపాన లభించింది. అక్కడ 1954లో బెన్ ష్లైఫర్ అనే వ్యక్తి కేవలం వయోవృద్ధుల కోసం ఒక చిన్న ఊరిని స్థాపించాడు. ఆ వృద్ధుల ఊరికి పెట్టిన పేరు 'యంగ్‌టౌన్'. అనగా యువకుల పట్టణమని అర్థం. పని చేయగలిగినవారు, నలుగురితో కలిసి ఉండగోరినవారు ఎంతటి వయస్సులోనైనా యువకులేనన్నది ఆ పేరులోని ధ్వని. దాని పక్కనే, పత్తిచేలు పరచుకొన్న నేలమీద, డెల్ వెబ్ అనే గృహనిర్మాణ వ్యాపారి మరింత పెద్ద ఊరిని తలపెట్టాడు. అదే 'సన్ సిటీ'. అనగా సూర్యనగరం.

డెల్ వెబ్ వడ్రంగిగా జీవితాన్ని ఆరంభించి పెద్ద నిర్మాణ సంస్థకు అధిపతి అయినవాడు. వృద్ధులు తమ పిల్లలను, పుట్టిన ఊళ్లను విడిచి ఎడారి ప్రాంతంలో స్థిరపడరని పలువురు సందేహించారు. వెబ్ మాత్రం ఒక నియమాన్ని పాటించాడు. ఇళ్లను అమ్మిన పిదప సౌకర్యాలు కల్పిస్తామని వాగ్దానం చేయక, దుకాణాలను, వినోద కేంద్రాన్ని, గోల్ఫ్ మైదానాన్ని ముందుగా నిర్మించి చూపాడు. 1960 జనవరి 1వ తేదీన సన్ సిటీ ద్వారాలు తెరచినప్పుడు మొదటి మూడు రోజులలోనే దాదాపు లక్షమంది వచ్చి చూచినట్లు చెప్పుకొంటారు. 1962లో 'టైమ్' పత్రిక వెబ్ చిత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించింది. పని విరమించినవారు కోరేది విశ్రాంతి మాత్రమే అనుకొన్న లోకానికి, వారు కోరేది తోటివారితో నిండిన దినచర్య అని ఆ ఊరు తెలియజెప్పింది.

సన్ సిటీ వీధులు అనేక చోట్ల వలయాకారంగా, ఒకదాని లోపల మరొకటిగా తీర్చి ఉంటాయి. జనాభా నలభై వేలకు దరిదాపు. ఇళ్లు ఎక్కువగా ఒకే అంతస్తువి. మెట్లెక్కే శ్రమ ఉండదు. కారు నడపడానికి ఓపిక చాలనివారు గోల్ఫ్ ఆటలో వాడే చిన్న బండ్లమీద దుకాణాలకు, స్నేహితుల ఇళ్లకు వెళ్తారు. ఆ బండ్లు ఊరి వీధులలో సర్వసాధారణమైన దృశ్యం.

అక్కడి సామూహిక జీవితానికి వినోద కేంద్రాలు ఆయువుపట్టు. వీటి ఆవరణలో నూటికి పైగా సంఘాలు పనిచేస్తున్నాయి. ఈత, నడక, బంతి ఆటలు మొదలుకొని చిత్రలేఖనం, సంగీతం, నాటక ప్రదర్శన, నృత్యం వరకు ప్రతి అభిరుచికీ ఒక సంఘం గలదు. వడ్రంగం చేసేవారు ఒకచోట, మట్టి పాత్రలు చేసేవారు ఒకచోట, రాళ్లకు సానపట్టేవారు ఒకచోట, గుడ్డముక్కలు కలిపి బొంతలు కుట్టేవారు మరొకచోట చేరుతారు. జీవితమంతా బ్యాంకులో లెక్కలు వ్రాసిన వ్యక్తి అరవయ్యవ యేట మొదటిసారి ఉలి పట్టవచ్చు. అతనికి ఆ విద్య నేర్పేవాడు ఒకనాటి కర్మాగార కార్మికుడు కావచ్చు. పూర్వపు హోదాలు ఆ గదిలో చెల్లవు. ఎవరు చక్కగా చిత్రిక పడతారన్నదే అక్కడ గౌరవానికి కొలబద్ద.

ఈ సంఘాలు చేసే మేలు కాలక్షేపంతో ముగియదు. ఇరవైమంది సభ్యులున్న బొంతల సంఘానికి ఒక అవ్వ రెండు రోజులు రాకపోతే మూడవనాడు ఎవరో ఒకరు ఆమె తలుపు తడతారు. ఒంటరిగా నివసించేవారికి ఇంతకు మించిన రక్షణ లేదు. వృద్ధాప్యంలో జీవిత భాగస్వామిని కోల్పోవడం తరచుగా జరిగే విషాదం. పొరుగున అదే దుఃఖాన్ని అనుభవించి తేరుకొన్నవారు ఉన్నప్పుడు ఓదార్పు మాటలకు అనుభవం తోడవుతుంది. ఒకే వయస్సువారు ఒకచోట నివసించడంలోని ప్రధానమైన ప్రయోజనం ఇదే.

సన్ సిటీకి మరొక ప్రత్యేకత గలదు. అంత పెద్ద ఊరైనా దానికి పురపాలక సంఘం లేదు; మేయరు లేడు. జిల్లా స్థాయి ప్రభుత్వం చేసే పనులు పోగా మిగిలినవాటిలో చాలా భాగాన్ని నివాసులు తామే చేసుకొంటూ వచ్చారు. 'ప్రైడ్స్' అనే స్వచ్ఛంద సేవకుల బృందం వీధులను శుభ్రపరచి, చెట్లకు అంటు కత్తిరింపులు చేసి, చెత్త ఎత్తి ఊరిని చక్కగా ఉంచుతుంది. మరొక స్వచ్ఛంద దళం పోలీసులకు తోడ్పడుతూ, యజమానులు ఊరిలో లేనప్పుడు ఇళ్లను కనిపెట్టి చూచే పనిని స్వీకరించింది. 1970లో ఊరికి ఆసుపత్రి వచ్చిన తరువాత రోగులకు దారి చూపడం, బంధువులకు సమాచారం అందించడం వంటి పనులకు అనేకులు ముందుకు వచ్చారు. ఎండవేళ రోడ్డు పక్కన చెత్త ఎత్తే డెబ్బయ్యేళ్ల వ్యక్తి ఒకనాడు పెద్ద అధికారి అయి ఉండవచ్చు. ఆ పనికి జీతం లేదు. అయినప్పటికీ దానికి మనుషులు కరువు కాలేదు.

జీతం లేని పనికి మనుషులు ఎందుకు వస్తారన్న ప్రశ్న ఆలోచింపదగినది. ఉద్యోగం మనిషికి జీతంతోపాటు మరొకదానిని కూడా ఇస్తుంది. తాను రాకపోతే ఒక పని ఆగిపోతుందన్న భావనే అది. పదవీ విరమణతో జీతానికి బదులు పింఛను వస్తుంది. ఆ భావనకు బదులుగా వచ్చేది ఏదీ లేదు. ఊరి చెత్త ఎత్తే పని, రోగికి దారి చూపే పని ఆ లోటును పూరిస్తాయి. మనిషికి సేవలు పొందడం ఎంత అవసరమో, సేవలు చేయడం అంతకన్న అవసరం.

ఈ సత్యాన్ని ఒక పరిశోధన కొంతవరకు సమర్థించింది. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో జరిపిన ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. అక్కడ రెండు అంతస్తులలో నివసించే వృద్ధులకు నిర్వాహకుడు రెండు విధాలుగా మాట్లాడాడు. మొదటివారితో, తమ గదిని ఎట్లా అమర్చుకోవాలో, ఏ రోజున సినిమా చూడాలో తామే నిర్ణయించుకొనవచ్చునని చెప్పాడు. ఒక మొక్కను ఎంచుకొని, దానిని తామే పెంచుకొనుమని ఇచ్చాడు. రెండవవారికి కూడా మొక్కలు ఇచ్చాడు. కాని వాటికి నర్సులు నీరు పోస్తారని, అన్ని అవసరాలూ సిబ్బందియే చూచుకొంటారని చెప్పాడు. మూడు వారాలు గడిచేసరికి మొదటి అంతస్తువారిలో అధిక సంఖ్యాకులు ఉత్సాహంగా, చురుకుగా కనిపించారు. రెండవవారిలో ఎక్కువమంది మరింత నీరసించారు. పదునెనిమిది నెలల తరువాత చూచినప్పుడు కూడా మొదటివారి ఆరోగ్యమే మెరుగుగా ఉన్నది. పాల్గొన్నవారి సంఖ్య వందకు లోపే కాబట్టి ఈ ఒక్క ప్రయోగాన్నిబట్టి గొప్ప సిద్ధాంతాలు చేయరాదు. అయినను ఇందులోని సూచన స్పష్టం. రెండు అంతస్తులలోనూ మొక్కలు ఒకటే. తేడా నీరు పోసిన చేతులలో ఉన్నది.

ఇంతవరకు చూచినది వెలుగు. దీనికి నీడ కూడా గలదు. సన్ సిటీ నియమాల ప్రకారం ప్రతి ఇంటిలోనూ కనీసం ఒకరికి యాభై అయిదేళ్లు నిండి ఉండాలి. పందొమ్మిదేళ్లలోపు వారు అక్కడ స్థిరనివాసం ఉండరాదు. మనుమలు సెలవులకు వచ్చి చూచి పోవచ్చును, కలిసి జీవించరాదు. ఊరిలో బడిగంట మోగదు. నిశ్శబ్దాన్ని, ప్రశాంతతను కోరుకొనేవారికి ఇది సుఖంగానే ఉండవచ్చు. కాని ఆ సుఖానికి ఇతరులు మూల్యం చెల్లించవలసి వచ్చిన సందర్భాలు గలవు.

సన్ సిటీ ఒకప్పుడు సమీపంలోని పియోరియా పట్టణపు పాఠశాలల మండలంలో భాగంగా ఉండేది. ఆ మండలంలో జనాభా పెరిగి కొత్త బడులు కట్టవలసి వచ్చినప్పుడు, అందుకు నిధులు సమకూర్చే ప్రతిపాదనలు ప్రజల ఓటుకు వచ్చేవి. తమ పిల్లలు ఎన్నడో చదువులు ముగించారు; ఇప్పుడు పన్ను ఎందుకు కట్టాలని తలచిన సన్ సిటీ నివాసులు పలుమార్లు వాటికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రతిపాదనలు వీగిపోయాయి. చివరకు 1974లో సన్ సిటీని ఆ మండలం నుండి వేరుచేశారు. తమ ఊరి వీధులను జీతం లేకుండా ఊడ్చిన చేతులే పొరుగు ఊరి పిల్లల బడికి అడ్డుపడ్డాయి. మంచి మనుషులైనా పిల్లల ముఖం చూడని చోట నివసిస్తే పిల్లల అవసరాలు వారి దృష్టికి ఆనవు.

యంగ్‌టౌన్‌లో ఇంతకన్న కఠినమైన పరీక్ష ఎదురైంది. గత శతాబ్దం చివరి దశకంలో, ఇంట వేధింపులకు గురైన ఒక బాలుడు అక్కడ నివసించే తన తాత నాయనమ్మల వంటి పెద్దల చెంతకు చేరాడు. పిల్లలు ఉండరాదన్న నియమాన్ని అనుసరించి ఊరి పాలకులు అందుకు అంగీకరించలేదు. వివాదం రాష్ట్ర ప్రభుత్వ న్యాయాధికారి వరకు వెళ్లింది. ఆ నియమాన్ని చట్టబద్ధంగా ఏర్పరచలేదని విచారణలో తేలింది. 1998లో యంగ్‌టౌన్ వయోనియమాన్ని విడనాడి అన్ని వయస్సులవారికి ద్వారాలు తెరచింది. వృద్ధులకు ఆశ్రయంగా పుట్టిన ఊరు ఆశ్రయం కోరిన బాలునికి చోటు లేదన్నప్పుడు, ఆ ఊరి పుట్టుకలోని ఉద్దేశమే ప్రశ్నార్థకమైంది. ద్వారాలు తెరచిన తరువాత ఊరిలో మరల పిల్లల ఆటపాటలు వినవచ్చాయి.

ఈ లోపాన్ని సవరించే మార్గం నెదర్లాండ్స్ దేశంలోని డెవెంటర్ పట్టణంలో కనిపిస్తుంది. అక్కడి 'హ్యుమానిటాస్' అనే వృద్ధుల నివాసం, సుమారు 2012 నుండి కళాశాల విద్యార్థులకు తమ భవనంలో గదులను అద్దె లేకుండా ఇవ్వసాగింది. అందుకు ప్రతిగా విద్యార్థి నెలకు ముప్పది గంటలపాటు మంచి పొరుగువానిగా మెలగాలి. రోగులకు చికిత్స చేయడం, మందులు ఇవ్వడం వారి పని కాదు. కలిసి భోజనం చేయాలి, కబుర్లు చెప్పాలి, కంప్యూటరులో ఉత్తరాలు పంపడం నేర్పాలి, పుట్టినరోజులకు తోడుండాలి. అద్దె భారం తగ్గుతుందని చేరిన విద్యార్థులు క్రమంగా వృద్ధుల మాటలలోని రుచిని తెలుసుకొన్నారు. పరీక్ష ఎట్లా వ్రాశావని, నిన్న రాత్రి ఆలస్యంగా ఎందుకు వచ్చావని అడిగే పెద్దలు వారికి దొరికారు. వృద్ధులకు మోకాళ్ల నొప్పులు కాక మాట్లాడుకొనడానికి కొత్త విషయాలు దొరికాయి. ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో చెప్పలేని స్థితియే నిజమైన పొరుగుదనం.

భారతదేశంలో కూడా వయోవృద్ధుల సంఖ్య వేగంగా పెరుగుతున్నది. 2001 జనాభా లెక్కల ప్రకారం అరవై ఏళ్లు పైబడినవారు సుమారు 7.66 కోట్లు. 2011 నాటికి వారి సంఖ్య 10.38 కోట్లకు చేరింది. 1999లో కేంద్ర ప్రభుత్వం వయోవృద్ధుల కొరకు జాతీయ విధానాన్ని ప్రకటించింది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం వచ్చింది. పోషించగలిగియుండి నిర్లక్ష్యం చేసిన సంతానం నుండి మనోవర్తి కోరే హక్కును ఈ చట్టం తల్లిదండ్రులకు కల్పించింది. దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం నెలకొల్పాలని కూడా సూచించింది. చట్టం అన్నం పెట్టించగలదు; ఆశ్రయం ఇప్పించగలదు. మాట్లాడే తోడును, చేయదగిన పనిని మాత్రం సమాజమే సమకూర్చాలి.

తెలుగునాట చదువుకొన్న కుటుంబాలలో పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో స్థిరపడటం సామాన్యమైంది. తల్లిదండ్రులు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ గడుపుతూ చివరకు రెండు చోట్లా అతిథులుగా మిగులుతున్నారు. ఈ పరిస్థితులలో హైదరాబాదు వంటి నగరాల పరిసరాలలో వయోవృద్ధుల నివాస సముదాయాలు వెలుస్తున్నాయి. వీటిని 'వృద్ధాశ్రమం' అనే మాటతో జోడించి, పిల్లలు తల్లిదండ్రులను వదిలివేశారని జాలిపడటం లోకరీతి. కాని దిక్కులేక ఆశ్రమంలో చేరడం వేరు. ఇష్టపడి తోటివారి మధ్య నివసించడం వేరు. మొదటిది ఒకరు విధించినది. రెండవది స్వేచ్ఛగా ఎంచుకొన్నది. ఈ భేదాన్ని గుర్తించక నిందించడం ఆ పెద్దల నిర్ణయాన్ని కించపరచడమే అవుతుంది.

అయితే అటువంటి సముదాయాలలో ఇల్లు కొనగల స్తోమత కొందరికే ఉంటుంది. జీవితమంతా నాట్లు వేసి, బరువులు మోసి అలసిన కూలీకి ఆ ద్వారాలు తెరుచుకోవు. అందుచేత పెద్దల ఊరిలోని మంచిని ప్రతి ఊరికీ తెచ్చుకొనడం ఎట్లా అన్నదే అసలైన ప్రశ్న. దానికి కావలసిన సామగ్రి తెలుగు ఊళ్లకు కొత్తది కాదు. పట్టణాలలో విశ్రాంత ఉద్యోగుల సంఘాలు గలవు. పింఛను దయతో ఇచ్చే దానం కాదని, అది ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పును స్మరించుకొంటూ, ఆ సంఘాలు ఏటా అదే తేదీన పింఛనుదారుల దినోత్సవాన్ని జరుపుకొంటాయి. పల్లెలలో భజన మందిరాలు, గ్రంథాలయాలు, రచ్చబండలు ఇంకను మిగిలి ఉన్నాయి. అక్టోబరు 1న అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం జరుగుతుంది. ఆ ఒక్కనాడు శాలువ కప్పి సన్మానించి పంపడం కన్న, మిగిలిన దినాలలో వారికొక పని అప్పగించడం మేలైన గౌరవం.

విశ్రాంత ఉపాధ్యాయుడు సాయంత్రం వేళ గ్రంథాలయంలో పదిమంది పిల్లలకు గణితం చెప్పగలడు. పూర్వపు బ్యాంకు ఉద్యోగి పొదుపు సంఘపు మహిళలకు లెక్కలు సరిచూడగలడు. వయసు మళ్లిన రైతు పాఠశాల తోటలో పిల్లలచేత కూరపాదులు పెట్టించగలడు. అక్షరం రాని అవ్వ సైతం పాటలను, పొడుపుకథలను, పాతకాలపు వంటలను చెప్పి పిల్లలచేత వ్రాయించగలదు. అందుకు ప్రతిగా కళాశాల విద్యార్థి ఆమెకు బ్యాంకు కాగితాలు చదివి వినిపించవచ్చు. దూరదేశంలోని మనుమరాలి ముఖాన్ని ఫోనులో చూపించవచ్చు. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. వారానికి ఒక గంట చాలును.

వృద్ధులకు ఊరు కట్టడం సులభం. ఊరిలో వృద్ధులకు చోటు నిలపడం కష్టం. సన్ సిటీ మొదటి పనిని చక్కగా చేసి చూపింది. యంగ్‌టౌన్ తన ద్వారాలు తెరచి రెండవదాని అవసరాన్ని తెలియజెప్పింది. ఈనాటి విద్యార్థులు నలభై, యాభై సంవత్సరాల తరువాత నివసించబోయే ఊరు ఇప్పుడు వారు తమ పెద్దలతో మెలిగే తీరునుబట్టియే రూపొందుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఆయుర్దాయం = జీవితకాలం
ఏకాకి = ఒంటరివాడు
సాంగత్యం = కలయిక, స్నేహం
నులక = మంచం అల్లడానికి వాడే సన్నని తాడు
ఆయువుపట్టు = జీవస్థానం, ముఖ్యమైన చోటు
చిత్రిక పట్టు = కొయ్యను చెక్కి నునుపు చేయు
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
మనోవర్తి = జీవనభృతి
స్తోమత = ఆర్థిక శక్తి

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. సన్ సిటీలోని సామూహిక జీవనాన్ని వివరించండి. అందులోని వెలుగునీడలను చర్చించండి.
2. తెలుగు ఊళ్లలో వయోవృద్ధులకు తగిన స్థానం కల్పించడానికి ఏమి చేయవచ్చునో పాఠం ఆధారంగా తెల్పండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. లాంగర్, రోడిన్ జరిపిన ప్రయోగాన్ని తెల్పండి.
2. యంగ్‌టౌన్ వయోనియమాన్ని ఎందుకు విడనాడింది?
3. డెవెంటర్‌లో విద్యార్థులు, వృద్ధులు పరస్పరం పొందిన ప్రయోజనాలు ఏవి?

III. క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. తేడా నీరు పోసిన చేతులలో ఉన్నది.
2. వయసు మళ్లినా వారి పని మళ్లలేదు.
3. వృద్ధులకు ఊరు కట్టడం సులభం. ఊరిలో వృద్ధులకు చోటు నిలపడం కష్టం.

IV. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఆశ్రమవాస పర్వంలో ధృతరాష్ట్రుడు ఎవరి ఆశ్రమంలో నివసించాడు?
2. సన్ సిటీ ఏ తేదీన ప్రారంభమైంది?
3. పింఛనుదారుల దినోత్సవాన్ని ఎప్పుడు జరుపుకొంటారు?

V. సంధులు
1. వృద్ధాశ్రమం = వృద్ధ + ఆశ్రమం – సవర్ణదీర్ఘ సంధి
2. స్వేచ్ఛ = స్వ + ఇచ్ఛ – గుణ సంధి
3. ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
4. వయోవృద్ధులు = వయః + వృద్ధులు – విసర్గ సంధి

VI. సమాసాలు
1. తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
2. నాలుగు ఆశ్రమాలు – నాలుగు సంఖ్య గల ఆశ్రమాలు – ద్విగు సమాసం
3. పత్తిచేలు – పత్తి యొక్క చేలు – షష్ఠీ తత్పురుష సమాసం
4. సామూహిక జీవనం – సామూహికమైన జీవనం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం